ఊరికి దేవుడు పెద్దా, చట్టం పెద్దా? మా ఊళ్ళో ఒక ఇంటిని వెలేశారు

#1 ఇందూరు_బిడ్డ

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఈసారి మనసు ఆగలేదు.

మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. పేరు వద్దు. మా వైపు ఊళ్ళలో గ్రామాభివృద్ధి కమిటీలు ఉంటాయని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. సర్పంచ్ ఉంటాడు, పంచాయతీ ఆఫీసు ఉంటుంది, కానీ ఊళ్ళో నడిచేది కమిటీ మాట. కులానికి ఒకరిద్దరు పెద్దమనుషులు కూర్చుంటారు. చెరువు చేపల వేలం, గుడి పండుగ, గట్టు తగాదాలు అన్నీ అక్కడే తెగుతాయి. మా నాన్న పదేళ్ళుగా అందులో ఉన్నాడు.

ఈ ఏడాది పోచమ్మ గుడి కొత్తగా కడుతున్నారు. ఇంటికి మూడు వేలు చందా. మా గల్లీ చివర ఉండే ఒక కుటుంబం నాలుగేళ్ళుగా ఆదివారం ప్రార్థనకు పోతోంది. "మోరీకి అడగండి, బోరుకు అడగండి, ఇస్తాం. గుడికి మాత్రం మా మనసు ఒప్పదు" అన్నారు. ఐదు వేలు జరిమానా వేశారు. అదీ కట్టలేదు. మర్నాడు సాయంత్రం డప్పు కొట్టించి చాటింపు వేశారు. వాళ్ళకు కిరాణం ఇవ్వొద్దు, ట్రాక్టరు పోవద్దు, మంగలి షాపులో గడ్డం గీయొద్దు, మాట్లాడినవాళ్ళకు కూడా జరిమానా.

దసరాకు పోయినప్పుడు నా కళ్ళతో చూశాను. ఆ ఇంటామె ఉప్పు ప్యాకెట్ కోసం మూడు కిలోమీటర్లు నడిచి పక్క ఊరికి పోయి వస్తోంది. సంచీ కనపడకుండా కొంగు కప్పుకుంది. చిన్నప్పుడు ఆమె చేతి జొన్నరొట్టె తిన్నవాణ్ణి. నన్ను చూసి తనే మొహం పక్కకు తిప్పుకుంది, నాకు జరిమానా పడుతుందని.

ఆ రాత్రి నాన్నతో గొడవ. ఆయన అన్న మాటలు అలాగే రాస్తున్నా: "దేవుడి భయం లేకుంటే మనిషిని ఆపేదేంది? నీ చట్టం మా ఊరికి ఏం చేసింది? ఠాణాకు పోతే నాలుగేండ్లు తిప్పుతరు. మా కాడ ఒక్క పూటల తెగుతది. అమ్మవారి ముంగట నిలబడి అబద్ధం చెప్పేటోన్ని చూపియ్యి, కోర్టుల చెప్పేటోళ్ళను నేను వందమందిని చూపిస్త."

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన చెప్పిందాంట్లో సగం నిజం. అందుకే అడుగుతున్నా. దేవుడి పేరుతో నడిచే పాలన మేలా, మతంతో సంబంధం లేని పాలన మేలా? పార్టీల మాటలు వద్దు, దయచేసి.

#2 పాతగుడి

బాబూ, ముందుగా ఒక మాట. ఉప్పు ఆపడం ఏ ధర్మంలోనూ లేదు. అది మీ పెద్దల కోపం, అమ్మవారి కోపం కాదు.

కానీ మీ నాన్నగారిని తీసిపారేయకండి. నేను కోనసీమలో తరాలుగా అర్చకత్వం చేస్తున్న కుటుంబం నుంచి వచ్చాను. మతంతో సంబంధం లేని ప్రభుత్వం అంటే ఏమిటో మాకు దగ్గరగా తెలుసు. మా గుడిలో హుండీ తెరిచేది ప్రభుత్వం, పొలం కౌలు వేలం వేసేది ప్రభుత్వం, ఈవోని పంపేది ప్రభుత్వం. 1987 చట్టంతో వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేశారు. 1996లో సుప్రీంకోర్టు కూడా సరే అంది. మళ్ళీ 2007లో సవరణ చేసి కాస్త వెసులుబాటు ఇచ్చేదాకా మా నాన్నగారు పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. గర్భగుడిలో దీపం పెట్టే మనిషి, నూనె బిల్లు కోసం ఆఫీసు మెట్ల మీద కూర్చునేవారు. ఇది లౌకిక రాజ్యమా? మతానికి దూరంగా ఉండే రాజ్యమైతే మా హుండీకి కూడా దూరంగా ఉండాలి కదా.

ఇక నీతి సంగతి. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది. మన దగ్గర మొదటి పెళ్ళి ఎప్పుడు జరిగింది? 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో, వీరేశలింగం గారి పూనికతో. చట్టం పాతికేళ్ళు కాగితం మీదే పడి ఉంది. దాన్ని లేపినవాళ్ళు శాస్త్రం చదివినవాళ్ళే. బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశర స్మృతి చూపించి వాదించాడు. ధర్మం లోపలి నుంచి వచ్చిన మార్పే నిలబడుతుంది.

#3 కర్నూలు_టీచరమ్మ

పాతగుడి గారూ, మీ నాన్నగారి సంగతి చదివి బాధ అనిపించింది. అయితే వీరేశలింగం గారి కథలో ఒక ముక్క వదిలేశారు. ఆయన్ని వెలేశారు. ఆయన వైపు నిలబడినవాళ్ళను కూడా వెలేశారు. ఆ వెలి వేసింది ధర్మం పేరుతోనే. 1856 చట్టం అనే గోడ వీపు వెనకాల లేకపోతే ఆ పెళ్ళిళ్ళకు పుట్టిన పిల్లలకు ఆస్తి వచ్చేదా, కనీసం సక్రమ సంతానం అనిపించుకునేవారా? లోపలి నుంచి మార్పు రావాలన్నది నేనూ ఒప్పుకుంటాను. ఆ మార్పు కోసం నోరు తెరిచినవాడు బతికి ఉండటానికి బయట ఒక చట్టం కావాలి.

నేను ముస్లింని, ఆడదాన్ని, ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. ఇందూరు_బిడ్డ గారి పోస్టు చదవగానే నాకు జిజియా గుర్తొచ్చింది. రాజు మతం కానివాడు కట్టాల్సిన పన్ను. 1564లో అక్బర్ తీసేశాడు, 1679లో ఔరంగజేబు మళ్ళీ వేశాడు. ఈ పాఠం చెప్పేటప్పుడు తరగతిలో పిల్లలు నా మొహం చూస్తారు, ఏమంటానో అని. తప్పని గట్టిగా చెబుతాను. మీ ఊరి మూడు వేలు కూడా అదే జాతి పన్ను. ఊరి దేవతకు ఇవ్వనివాడికి ఊళ్ళో నీళ్ళు లేవు అనడం.

మతం లేని పాలన అయితే చాలు అనుకునేవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి. ఇరాన్‌లో 1936లో రెజా షా పరదా నిషేధించాడు. దేశాన్ని ఆధునికం చేస్తానని. పోలీసులు బజారులో ఆడవాళ్ళ తలమీది బట్ట లాగేశారు. ఎంతోమంది ఏళ్ళ తరబడి గడప దాటలేదు. 1979 తర్వాత మతపెద్దల ప్రభుత్వం వచ్చి అదే బట్టను తప్పనిసరి చేసింది. 2022 సెప్టెంబరులో మహసా అమీనీ అనే 22 ఏళ్ళ అమ్మాయి, బట్ట సరిగా వేసుకోలేదని పట్టుకెళ్ళిన పోలీసుల చేతుల్లో ఉండగానే కుప్పకూలి, ఆసుపత్రిలో ప్రాణం పోగొట్టుకుంది. అమ్మమ్మ తల మీద నుంచి లాగారు, మనవరాలి తల మీద కప్పారు. ఇద్దరినీ ఎవరూ అడగలేదు.

అయినా రెంటికీ ఒక తేడా ఉంది. రెజా షాను తప్పుపడితే రాజును తప్పుపట్టినట్టు. 1941లో అతను దిగిపోగానే ఆ హుకుం సడలిపోయింది. మతపెద్దను తప్పుపడితే దేవుణ్ణి తప్పుపట్టినట్టు అవుతుంది. అక్కడ పన్నెండుగురు ఉండే ఒక మండలి ఉంది. ఎన్నికల్లో ఎవరు నిలబడాలో, పార్లమెంటు చేసిన ఏ చట్టం చెల్లాలో అది చూస్తుంది. అందులో ఆరుగురు మతపండితులు, వాళ్ళను నియమించేది సర్వోన్నత నాయకుడు. ఓటు ఉంది, కానీ ఎవరికి వేయాలన్నది ముందే వడపోసి ఇస్తారు.

#4 బే_ఏరియా_బాబు

టీచరమ్మ గారి జిజియా మాటకు ఇక్కడి అమెరికా ముచ్చట ఒకటి. వర్జీనియాలో ఒకప్పుడు అందరూ ఒకే చర్చికి పన్ను కట్టాలి. బాప్టిస్టు బోధకులు లైసెన్సు లేకుండా బోధించారని జైల్లో వేసేవారు. 1784లో, ఏ చర్చి అయినా సరే, క్రైస్తవ బోధకుల కోసం అందరి దగ్గరా పన్ను వసూలు చేద్దామని బిల్లు పెట్టారు. మాడిసన్ దాన్ని ఎదిరించాడు, బిల్లు పోయింది. 1786లో జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ చట్టం వచ్చింది. నాకు నచ్చిందేమిటంటే, ఆ పన్ను వద్దని ఊరూరా సంతకాలు పెట్టినవాళ్ళలో బాప్టిస్టులు ఎక్కువమంది. నాస్తికులు కారు, గట్టి భక్తులు. ప్రభుత్వం డబ్బు చర్చిలోకి వస్తే ప్రభుత్వం పెత్తనం కూడా వస్తుందని వాళ్ళకు తెలుసు. పాతగుడి గారూ, మీ బాధ కూడా అదే కదా?

#5 పాతగుడి

అవును బాబూ, అదే. ఒప్పుకుంటున్నాను.

#6 నల్లకోటు

జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. ముందు ఇందూరు_బిడ్డ గారికి పనికొచ్చే మాట.

రాజ్యాంగం 27వ అధికరణం చూడండి. ఒక మతం కోసం ఖర్చు పెట్టే పన్ను కట్టమని ఎవరినీ బలవంతం చేయడానికి లేదు. సాక్షాత్తూ ప్రభుత్వానికే లేని అధికారం చెట్టు కింద కూర్చున్న కమిటీకి ఎక్కడిది? జరిమానాలు వేయమని ఈ కమిటీలకు ఏ చట్టమూ చెప్పలేదు. ఆ కుటుంబం మండల న్యాయ సేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. చాటింపు ఎవరైనా ఫోన్‌లో రికార్డు చేసి ఉంటే దాచమనండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. చట్టం వచ్చి రక్షిస్తుంది అని సులువుగా చెప్పలేను, ఎందుకంటే వెలి విషయంలో మన చట్టమే తడబడింది. 1949లో బొంబాయి రాష్ట్రం వెలివేయడాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. దావూదీ బోహ్రాలనే ముస్లిం శాఖ మతగురువు దాని మీద కోర్టుకెక్కారు. 1962లో సుప్రీంకోర్టులో ఐదుగురిలో నలుగురు జడ్జీలు ఆ చట్టాన్ని కొట్టేశారు. శాఖను కట్టుగా ఉంచుకోవడానికి వెలి వేయడం మతంలో భాగమే అన్నారు. ప్రధాన న్యాయమూర్తి సిన్హా ఒక్కరే ఒప్పుకోలేదు. వెలికి గురైన మనిషి బతుకు అంటరానివాడి బతుకులా అవుతుందని ఆయన రాశారు. నా దృష్టిలో ఆయనదే సరైన మాట. మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ మీద ప్రత్యేకంగా చట్టం చేసుకుంది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటిది లేదు.

పాతగుడి గారూ, దేవాలయాల విషయంలో మీరు చెప్పింది సగం చరిత్ర. ఈస్టిండియా కంపెనీ తిరుమలను స్వయంగా నడిపింది, ఆదాయం కోసం. విగ్రహారాధనకు కంపెనీ కాపలా కాయడమేమిటని మిషనరీలు గోల చేస్తే 1843లో హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. తొంభై ఏళ్ళు వాళ్ళ చేతిలో ఉంది. కోర్టుల్లో కేసులు, ఆరోపణలు, అంతా నడిచింది. మద్రాసు రాష్ట్రంలో గుడి భూములు ధర్మకర్తలే మింగేస్తున్నారనే మాట రావడంతో 1925లో పానగల్ రాజా ప్రభుత్వం దేవాదాయ చట్టం తెచ్చింది. ఆయన శ్రీకాళహస్తిలో పుట్టిన మన తెలుగు జమీందారే. తర్వాత 1933లో టీటీడీ కమిటీ. మఠం చేతిలో ఉన్నా, సర్కారు చేతిలో ఉన్నా, లెక్క అడిగేవాడు లేనప్పుడు తినేవాడు తింటూనే ఉన్నాడు.

మీకు ఊరటనిచ్చే సంగతి కూడా ఉంది. అహోబిల మఠం గుడికి ప్రభుత్వం ఈవోని వేయడం చెల్లదని ఏపీ హైకోర్టు 2022లో చెప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో వేలు పెట్టలేదు.

#7 కడప_టు_కువైట్

అన్నలకు, టీచరమ్మకు నమస్తే. నేను పదునాలుగేళ్ళుగా కువైట్‌లో హౌస్ డ్రైవరుగా ఉన్నా. చదువు తక్కువ, తప్పుంటే చెప్పండి.

మతం పేరుతో నడిచే దేశంలో బతికినోణ్ణి కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్తా. రాత్రి రెండు గంటలకు ఆడపిల్లను ఎయిర్‌పోర్టులో దింపి వచ్చినా భయం లేదు. రంజాన్ నెలలో సాయంత్రం ఏ మసీదు పక్కన టెంటు దగ్గర కూచున్నా నీది ఏ మతం అని అడగరు, మజ్బూస్ అన్నం ప్లేటు నిండా పెడతారు. చేతిలో దీనారు లేని నెలలో నేను అట్లా ముప్పై రోజులు తిన్నా. ఆ ఉప్పు మర్చిపోను.

అదే రంజాన్‌లో పగలు నలభై ఐదు డిగ్రీల ఎండలో కారులో కూచొని సీసా ఎత్తి రెండు గుక్కలు నీళ్ళు తాగినా. ఎవరో చూసి చెప్పారు. నెల జైలైనా, నూరు దీనార్లు జరిమానా అయినా, రెండూ అయినా వేసే చట్టం 1968 నుంచీ ఉంది. మా కఫీలు, అంటే నన్ను పనికి పెట్టుకున్న యజమాని, మంచోడు, స్టేషనుకు వచ్చి మాట్లాడి విడిపించుకున్నాడు. ఆయన రాకుంటే? ఆ రోజు నాకు తెలిసింది ఏమంటే, అన్నం పెట్టడం వాళ్ళ దయ, నీళ్ళు తాగడం నా హక్కు కాదు.

ఇంకోటి. అక్కడి పౌరసత్వం వేరే మతమోడికి 1982 నుంచి ఇవ్వరు. నేను నలభై ఏళ్ళున్నా అతిథినే. సిటీలో చర్చి కాంపౌండ్ ఉంది, మనోళ్ళు శుక్రవారం పోయి తెలుగులో పాటలు పాడుకుంటారు, ఎవురూ ఏమీ అనరు. బయట మాత్రం పాడరు. మంచి రాజు ఉన్నంత కాలం మంచిగా ఉంటుంది. ఇందూరు అన్నా, మీ ఊళ్ళో ఆ ఇంటోళ్ళు ఇప్పుడు అతిథులైపోయినారు, సొంత ఊళ్ళో.

#8 తెనాలి_కుర్రోడు

కువైట్ అన్నా, చివరి వాక్యం రెండుసార్లు చదివాను.

మాది క్రైస్తవ కుటుంబం, తాతల నాడే మారాం. మా తాత కూలి, మా నాన్న కూలి, ఊరి చివర దళితులుండే పల్లెలోనే మా ఇల్లు. మతం మారినా వీధి మారలేదు. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం అంటే హిందువులే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మమ్మల్ని చేర్చలేదు. మాకు బీసీ-సి. అందుకే మా వైపు చాలామందికి సర్టిఫికెట్‌లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. మా అక్కకు కాలేజీలో చేరేటప్పుడు, చర్చికి వెళ్తావా అని అడిగితే లేదు అని చెప్పి ఇంటికొచ్చి ఏడ్చింది. దేవుణ్ణి కాదన్నానని.

ఇది లౌకిక ప్రభుత్వమే అడిగిన ప్రశ్న. నీ దేవుడెవరు, దాన్ని బట్టి నీ హక్కు.

ఇందూరు అన్నా, ఆ కుటుంబం ఎస్సీ నుంచి వచ్చినవాళ్ళైతే ఇంకో సంగతి తెలుసుకో. ఎస్సీలను సాంఘికంగా బహిష్కరిస్తే అట్రాసిటీ చట్టం కింద నేరం. క్రైస్తవంలోకి మారినవాళ్ళు ఆ చట్టం వాడుకోవడానికి లేదని 2025లో ఏపీ హైకోర్టు చెప్పింది. అంటే ఏ కారణంగా వెలేశారో, అదే కారణంగా రక్షణ కూడా పోతోంది.

అయినా నేను మతపాలన కోరుకోను. ఈ ఉత్తర్వు తప్పు అని నేను ఇక్కడ పేరు పెట్టి రాయగలుగుతున్నాను, కోర్టుకు పోగలను, ధర్నాకు కూర్చోగలను. పోచమ్మ ఉత్తర్వు అని చాటింపు వేస్తే ఏ కోర్టుకు పోను?

#9 పాతగుడి

తమ్ముడూ, మీ అక్క సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా చెల్లెలు ఉద్యోగం ఇంటర్వ్యూలో నోటితో పేరు చెప్పిందే తప్ప దేవుడి పేరు ఎవరూ అడగలేదు. ఆ తేడా నాకు ఇంతవరకూ తట్టలేదు.

నేను ఇప్పటికీ అనేది ఒకటే, గుడి గుడివాళ్ళకు వదిలేయండి. అలాగే ఊరిని ఊరివాళ్ళందరికీ వదిలేయాలి. గుడి నియమం గుడి గోడ దాకానే. గర్భగుడిలోకి ఎవరు రావాలో ఆగమం చెబుతుంది. కిరాణా షాపులోకి ఎవరు రావాలో ఆగమం చెప్పదు.

#10 కర్నూలు_టీచరమ్మ

గోడ లోపలి ఆడవాళ్ళ సంగతి కూడా అడగాలి కదండీ. భర్త తలాక్ చెప్పిన షాబానో గారికి మనోవర్తి ఎంత అనుకున్నారు? నెలకు 179 రూపాయల 20 పైసలు. నలభై మూడేళ్ళ కాపురం తర్వాత. 1985లో సుప్రీంకోర్టు అది ఇవ్వాల్సిందే అంటే మా పెద్దలు మతం మునిగిపోతోందన్నారు, 1986లో ప్రభుత్వం వాళ్ళకు వంగి కొత్త చట్టం చేసింది. ఆ చట్టానికే న్యాయమైన అర్థం చెప్పడానికి కోర్టుకు 2001 దాకా పట్టింది. గోడ లోపలిది మీ ఇష్టం అని ప్రభుత్వం తప్పుకుంటే, లోపల బలహీనులు ఎవరో వాళ్ళు నలిగిపోతారు. హిందూ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా మన ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి ఇచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. ఏ మఠమూ ఏ దర్గా కమిటీ అడిగి ఇప్పించింది కాదు ఇది.

ఖురాన్ రోజూ చదువుతాను. అది నన్ను పాలిస్తుంది, నేను ఒప్పుకున్నాను కాబట్టి. నా పక్కింటామె ఒప్పుకోలేదు. ఆమెను పాలించేది మేమిద్దరం కూర్చుని మార్చుకోగలిగేది అయి ఉండాలి.

#11 నల్లకోటు

ఇందూరు_బిడ్డ గారూ, మీ నాన్నగారి ప్రశ్నకు ఇంకా ఎవరం జవాబు చెప్పలేదు. ఠాణాలో నాలుగేళ్ళు, చెట్టు కింద ఒక్క పూట. ఇది నిజం, వృత్తిలో ఉన్నవాడిగా ఒప్పుకుంటాను. నా దగ్గర ఒక గట్టు తగాదా పదకొండేళ్ళుగా నడుస్తోంది, ఇద్దరు కక్షిదారులూ ముసలివాళ్ళయ్యారు. చట్టం ఊరికి చేరకపోతే ఆ ఖాళీలో దేవుడి పేరు వచ్చి కూర్చుంటుంది. ఆయన్ని ఒకటి అడిగి చూడండి. ఒక్క పూటలో తీర్పు చెప్పారు సరే, అది తప్పయితే అప్పీలు ఎవరి దగ్గర?

#12 ఇందూరు_బిడ్డ

అందరికీ దండాలు. మూడు వారాలు రాయలేదు, ఊరికి పోయి వచ్చాను.

నల్లకోటు గారి ప్రశ్న అడిగాను. నాన్న వెంటనే "అప్పీలు అమ్మవారికే" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. నేను జిజియా గురించి, కువైట్ అన్న నీళ్ళ సీసా గురించి చెప్పాను. మా మేనబావ కూడా గల్ఫ్‌లోనే ఉన్నాడు, అది మాత్రం నాన్నకు తగిలింది. "పరాయి దేశంల వానికట్లయితే మనకు బాధైతది గద" అని అమ్మ వంటింట్లోంచి అంది.

కమిటీలో నాన్న ఒక మాట పెట్టాడు. చందాకు రెండు పుస్తకాలు పెడదాం, ఒకటి గుడికి, ఒకటి ఊరి పనులకు, ఎవరు ఎందులో రాస్తారో వాళ్ళిష్టం. సగం మంది ఒప్పుకోలేదు. సంక్రాంతి తర్వాత మాట్లాడుదామని లేచిపోయారు. జరిమానా ఇంకా రద్దు కాలేదు. చాటింపు వెనక్కి తీసుకున్నట్టు మళ్ళీ డప్పు కూడా కొట్టలేదు. ఆ కుటుంబం అర్జీ రాసి పెట్టుకుంది, ఇంకా ఇవ్వలేదు, సంక్రాంతి దాకా చూస్తామన్నారు.

నిన్న పొద్దున మా ట్రాక్టరు వాళ్ళ పొలంలోకి పోయింది. నాన్నే నడిపాడు. ఎకరానికి మామూలుగా తీసుకునే రేటే తీసుకున్నాడు, తగ్గించలేదు, ఎక్కువా అడగలేదు. గట్టు మీద ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చిపెడితే తాగి, చెంబు బోర్లించి వచ్చాడు.